ఒకే తానులోని రెండు డిస్కులు

కంప్యూటర్ విడిభాగాల షాపులోకి అడుగుపెట్టేటప్పటికి చిన్న మాస్టరు మెడలో టేపు అలాగే వేలాడుతోంది. ఉన్న సంగతి ఆవిడకు తెలియదు. పొద్దున మొహం కడుక్కోగానే మెడలో పడే టేపు, మళ్ళీ పక్క వేసుకునే ముందే తీయడం. మధ్యలో అది ఒంట్లో భాగమే. కౌంటరు వెనక స్క్రూలు ఏరుకుంటున్న షాపు ఆయన తలెత్తి ఆ టేపును చూశాడు.

"కొలతలకు వచ్చారా మాస్టరమ్మా? నడుము ఎంతో మాత్రం పైకి చదవకండి, మా ఆవిడ లోపలే ఉంది."

"నీ నడుము నాకెందుకు తమ్ముడూ. ఒక పెట్టె కావాలి. మా అక్కను దాచుకోవాలి."

షాపు ఆయన నవ్వు సగంలోనే ఆగిపోయింది. పక్కనున్న అక్క కూతురు గబగబా అందుకుంది. "మా అమ్మ వీడియోలండీ. ఇంట్లో పెట్టుకునే స్టోరేజీ సర్వరు చేయించుకుందామని. వీడియోలన్నీ అందులో ఉండాలి, టీవీలోనూ ఫోన్లలోనూ కనబడాలి."

"అలా చెప్పండి. నాకు ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది," అంటూ ఆయన రెండు స్టూళ్ళు ముందుకు తోశాడు.

ఆ అక్కచెల్లెళ్ళ కుట్టు దుకాణం వాళ్ళ ఇంటి ముందుగదే. వీధిలోకి తెరుచుకునే రెండు రెక్కల తలుపు, గోడవారన రెండు మిషన్లు, నడిమధ్య మంచమంత బల్ల. ఆ బల్ల అక్కది. ఆవిడను అందరూ పెద్ద మాస్టరు అనేవారు. గుడ్డ మీద సుద్దగీత గీసేదీ, కత్తెర వేసేదీ ఆవిడే. కోసిన ముక్కలు చెల్లెలి మిషను దగ్గరకు చేరి చొక్కాలయ్యేవి, కోట్లయ్యేవి, బడిపిల్లల యూనిఫారాలయ్యేవి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇదే పద్ధతి. పెద్దావిడ మిషను తొక్కలేదు, చిన్నావిడ కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టలేదు. "కుట్టు తప్పితే ఊడదీయొచ్చు. కోత తప్పితే ఏం చేస్తావు? నీ చేతికి తొందరెక్కువే," అని కొత్తల్లో ఎప్పుడో అక్క అన్న మాట చిన్న మాస్టరు చెవిలో కాపురం పెట్టేసింది.

అక్కకు మోకాళ్ళు పట్టేశాక, ఆవిడ కోతలు వీడియో తీయాలన్న ఆలోచన ఆవిడ కూతురిది. ఆ అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. దేనికైనా నంబరు వేసి చీటీ అంటిస్తే గానీ ఆమెకు తోచదు. బల్ల పైన లైటు వేలాడే కొక్కేనికి ఫోను కట్టింది, కెమెరా సరిగ్గా బల్ల మీదకు చూసేట్టు. అందుకని వీడియోల్లో అక్క మొహం ఉండదు. రెండు చేతులు, సుద్ద, కత్తెర, బాగా వంగినప్పుడు నెరిసిన పాపిడి. ఇంక గొంతు.

"భుజాలు జారుగా ఉన్న మనిషికి చంక ఇంత లోతు తియ్యకూడదు. తీశావా, చెయ్యెత్తినప్పుడల్లా చొక్కా మొత్తం పైకి లేస్తుంది. బస్సులో పైకడ్డీ పట్టుకున్నాడంటే ఊరందరికీ బొడ్డు చూపిస్తాడు పాపం."

అలాంటివి ఆరువందల పన్నెండు. ప్రతిదానికీ ఒక నంబరు, ఎలాంటి ఒంటికి ఏం కోశారో ఒక పుస్తకంలో వివరం.

పోయిన వానాకాలంలో పెద్ద మాస్టరు పోయింది. ఒక కోటుకు గీతలు గీసి, కత్తెర కోసం చెయ్యి చాపి, కూర్చున్నచోటే పక్కకు ఒరిగింది. ఆ గీతల మీద కత్తెర వేయడం చిన్న మాస్టరు వల్ల కాలేదు. గుడ్డ మడిచి ఇచ్చేసింది. నెలన్నర దుకాణం తలుపులు ఒక రెక్కే తెరిచింది. ఆ తర్వాత ఎలాగో వీడియోలు పట్టుకుని మొదలుపెట్టింది. ఆర్డరు వస్తే, అలాంటి ఒంటికి అక్క చేసిన కోత వెతికి, పాత ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టుకుని, అక్క గీసినచోట గీసి, అక్క కోసినచోట కోసేది. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసి. చొక్కాకు పట్టే సమయంలో మూడు చొక్కాల సమయం పట్టేది. అయినా పని నడిచింది. అక్క గొంతు వినబడుతున్నంతసేపూ ఆవిడ కత్తెర తడబడేది కాదు.

ఒక శనివారం ల్యాప్‌టాప్ మొరాయించింది. ఒక పొడుగు కోటుకు అక్క కత్తెర తెరిచింది, అంతే, బొమ్మ బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు తెరిచి మూసినా అదే. తెరలో ఆ కత్తెర నోరు తెరుచుకుని అలా ఉండిపోయింది. ఎదురుగా కోటు కోసం వచ్చిన మనిషి గడియారం చూసుకుంటున్నాడు.

సాయంత్రం అక్క కూతురు వచ్చి చూసి పెదవి విరిచింది. "డిస్కు అయిపోవచ్చింది పిన్నీ. మిగతావి నాలుగు పాత ఫోన్లలో, గుండీల డబ్బాలో ఉన్న ఆ చిన్న కార్డుల్లో ఉన్నాయి. ఇలాగే వదిలేస్తే ఒక్కోటే పోతాయి."

"పోతే?"

"పోతే పోయినట్టే."

మర్నాడు తీరుబడిగా ఉండే పూట చూసి, ఇద్దరూ ఆ షాపుకు వచ్చారు. అక్క పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

షాపు ఆయన ముందుగా తళతళలాడే ఒక పెట్టె తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. అందులో ప్రాసెసరు ఉంది, కంప్యూటరుకు మెదడు లాంటిది.

"ఇది అన్నిటికన్నా చురుకైనది మాస్టరమ్మా."

"చురుకు ఎందుకు? ఏం చేస్తుంది?"

"ఆటలాడేవాళ్ళు తీసుకుంటారు. యుద్ధాల ఆటలు."

"మా ఇంట్లో యుద్ధాలన్నీ నోటితోనే. మా అక్క చేతులు కదిలితే చాలు నాకు."

ఆయన ఆ పెట్టె వెనక్కి పెట్టేసి, ఏదో ఆఫీసువాళ్ళు మార్చేసిన కంప్యూటరులోంచి తీసిన మదర్‌బోర్డు, దాని మీదే బిగించి ఉన్న పాత ప్రాసెసరు చూపించాడు. వీడియోలు దాచి, అడిగినప్పుడు టీవీకి అందించడానికి అది బోలెడన్నాడు. చిన్న మాస్టరు దాన్ని గుడ్డ తిప్పి చూసినట్టు వెనక్కి తిప్పి చూసింది. "వాడిన గుడ్డయినా నేత బాగుంటే పరవాలేదు," అంది. ర్యామ్ అక్క కూతురు చూసుకుంది.

తర్వాత ఫ్యాన్లు. షాపు ఆయన రెండు తిప్పి చూపిస్తే, చిన్న మాస్టరు కళ్ళు మూసుకుని ఒక్కోదాని దగ్గర చెవి పెట్టింది. మిషను బేరింగు అరుగుతుంటే అటకమీద ఉన్నా పసిగట్టే చెవి అది.

"ఇది గీరుకుంటోంది. రెండోది ఇవ్వు."

ఆయన మొదటిది తన చెవి దగ్గర పెట్టుకుని, ఊపి, మళ్ళీ పెట్టుకుని, "మూడు నెలల్నుంచి అమ్ముతున్నాను, నాకు వినబడలేదే," అని దాన్ని చెత్తబుట్ట వైపు గిరాటేశాడు.

కరెంటు పంచే డబ్బా దగ్గర అక్క కూతురు చవకది చాలనబోయింది. చిన్న మాస్టరు ఒప్పుకోలేదు. "ఇది దారం లాంటిదే అమ్మడూ. ఎవరికీ కనబడదు. అన్ని కుట్లూ దాని మీదే ఉంటాయి. దారం దగ్గర కక్కుర్తి పడినవాళ్ళు మన వీధిలో ఎంతమంది దుకాణాలు మూసుకున్నారో నాకు తెలుసు." ఇవన్నీ బిగించే క్యాబినెట్టు వెడల్పాటిదే కావాలంది. రెండు డిస్కులకు అంత చోటెందుకని ఆయనంటే, ఎదిగే పిల్లల గౌనుకు లోపల గుడ్డ ఎందుకు వదులుతామో చెప్పింది. టేపు తీసి క్యాబినెట్టు కొలిచింది కూడా. అప్పుడు గానీ టేపు మెడలో ఉన్న సంగతి ఆవిడకు తెలియలేదు.

చివరికి డిస్కులు. "రెండు పెడదాం," అన్నాడు షాపు ఆయన. "ఒకదానిలో ఏది రాస్తే రెండోదానిలోనూ అదే రాసుకుంటుంది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది." రెండు కంపెనీలవి చెరొకటి తీసి పక్కపక్కన పెట్టాడు.

చిన్న మాస్టరు మొహం చిట్లించింది. "ఒకే రకానివి లేవా?"

"ఉన్నాయి. అయితే కొందరు ఇలా వేరువేరువి తీసుకుంటారు మాస్టరమ్మా. అదీ మంచిదే అంటారు."

"కుడిచెయ్యి ఒక తానులోంచి, ఎడమచెయ్యి ఇంకో తానులోంచి కోసి కుడితే నువ్వు తొడుక్కుంటావా?"

"చొక్కా అయితే తొడుక్కోను గానీ..."

"గానీ లేదు గీనీ లేదు. దుకాణంలో రెండూ ఒకేలా కనబడతాయి. ఎండలోకి వెళ్ళాక తెలుస్తుంది." ఆవిడ స్టూలు ముందుకు జరుపుకుంది. "ఒకసారి బడికి నలభై యూనిఫారాలు కుట్టాం. ఒక తాను చాలక రెండోది తెచ్చాం, అదే మిల్లు, అదే రంగు. పిల్లలు పొద్దున వరసలో నిలబడ్డారు. సగం వరస నీలం, సగం వరస ఇంకో నీలం. హెడ్మాస్టరు మమ్మల్ని పిలిపించి ఆ వరస ముందు నిలబెట్టాడు. ఆ రోజు నుంచి ఒక బట్టకు ఒకే తాను. నాకు మాత్రం ఒకే తానులోవి ఇవ్వు."

షాపు ఆయన మెడ గోక్కున్నాడు. ఏదో చెప్పబోయి, ఆవిడ చూపు చూసి ఊరుకున్నాడు. లోపలికి వెళ్ళి అట్టపెట్టె విప్పి, పక్కపక్కనే ఉన్న రెండు డిస్కులు తెచ్చాడు. వాటి వరస సంఖ్యల్లో తేడా చివరి అంకెలోనే, ఒకటి నాలుగు, ఇంకోటి ఐదు. చిన్న మాస్టరు కళ్ళజోడు పెట్టుకుని రెండు సంఖ్యలూ గొంతెత్తి చదివి, "కవలలు," అంది మురిసిపోతూ.

బిగింపు అక్క బల్ల మీదే జరిగింది. అక్క కూతురు ఫోనులో చూస్తూ ఒక్కో తీగ పెడుతుంటే, చిన్న మాస్టరు సుద్దతో బల్ల మీద గళ్ళు గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ గడిలో పెట్టింది. పెట్టె మొదటిసారి వెలిగినప్పుడు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. కుట్టుగదిలో ఉంటే నూలుదుమ్ము ఫ్యాన్లకు పడుతుందని లోపలి గదిలో బీరువా మీదకు ఎక్కించారు. రెండు రోజులు పోయాక అక్క కూతురు చూస్తే, పెట్టెకు అంచుల్లో చక్కగా పైపింగు వేసిన గుడ్డ తొడుగు ఉంది.

"పిన్నీ! ఊపిరాడక చస్తుంది అది!"

"దుమ్ము పడుతుందని కుట్టానే."

"ముక్కూ నోరూ కూడా కుట్టేశావు!"

తొడుగు తీసేశారు. వీడియోలన్నీ ఒక్కోటే పెట్టెలోకి చేరడానికి వారం పట్టింది. చేరినవాటిని అక్క కూతురు కార్డుల్లోంచి, ఫోన్లలోంచి చెరిపేసింది, మళ్ళీ వాడుకోవచ్చని. ఆ ఆదివారం మధ్యాహ్నం టీవీ పెట్టారు. అంతవరకూ చిన్న తెరలో చూసిన అక్క చేతులు గోడంత అయ్యాయి. బొటనవేలి మీద కత్తెరకు కాచిన కాయ, చూపుడువేలి గోరులో ఇరుక్కున్న సుద్ద. "చూశావా, ముందు నీళ్ళలో తడిపి ఆరేశాకే కోయాలి," అంటోంది అక్క. చిన్న మాస్టరు తనకు తెలియకుండానే "ఊఁ, చూశాను," అంది.

ఐదు నెలలు హాయిగా గడిచాయి. టీవీని కుట్టుగది గోడకు బిగించుకున్నారు. ఆర్డరు రావడం, పుస్తకంలో నంబరు వెతకడం, అక్కను పిలవడం. చిన్న మాస్టరు పనిలో వేగం వచ్చింది. తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి.

అప్పుడొకనాడు పెట్టె ముందు దీపం ఎర్రబడింది. ఒక డిస్కు పనిచేయడం మానేసిందని అక్క కూతురి ఫోనుకు కబురు వచ్చింది. ఆమె కంగారు పడలేదు. "అందుకే కదా రెండు పెట్టాం. కొత్తది తెచ్చి పెడితే దీన్ని చూసి అది రాసుకుంటుంది. శనివారం వెళదాం."

గురువారం పొద్దున చిన్న మాస్టరు నడుముపట్టీ కుడుతూ కుడుతూ పాదం ఆపేసింది. లోపలి గదిలోంచి ఏదో చప్పుడు. టిక్కుమని ఒకటి. కాస్త ఆగి ఇంకొకటి. దారం తెగబోయే ముందు మిషను అలాగే అంటుంది. ఆవిడ పరుగున వెళ్ళి పెట్టెను ఆపేసి, ల్యాబుకు ఫోను చేసింది. "అమ్మడూ, రెండోది కూడా మూలుగుతోందే. వచ్చెయ్యి."

పెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని షాపుకు తెచ్చారు. షాపు ఆయన రెండు డిస్కులూ బయటికి తీసి, వాటి మీది అంకెలు చూశాడు.

"ఆ రోజే గట్టిగా చెప్పాల్సింది నేను. ఇవి ఒకే రోజు, ఒకే వరసలో తయారైనవి. ఒకదానిలో లోపముంటే రెండోదానిలోనూ అదే లోపం. చేసిందీ ఒకే పని, తిరిగిందీ ఒకే లెక్క. ఇంచుమించు కలిసే పోతాయి. అందుకే వేరువేరువి పెట్టుకుంటారు."

"నువ్వు చెప్పబోయావు తమ్ముడూ. నీ నోరు నేనే మూయించాను," అంది చిన్న మాస్టరు. ముప్ఫై ఏళ్ళు తన దుకాణం పరువు నిలబెట్టిన పద్ధతే ఇక్కడ కొంప ముంచిందని మెల్లిగా తలకెక్కుతోంది.

"సరే, ఇంకో కాపీ ఎక్కడుంది?"

అక్క కూతురు నీళ్ళు నమిలింది. "రెండు డిస్కుల్లో ఉంది కదా అని... కార్డులూ ఫోన్లూ అన్నీ చెరిపేశాను. ల్యాప్‌టాప్ అప్పుడే పూర్తిగా పోయింది."

షాపు ఆయన తల అడ్డంగా ఊపాడు. "రెండు జేబులున్నా చొక్కా ఒకటే కదమ్మా. చొక్కా పోతే రెండు జేబులూ పోతాయి."

ఆ అమ్మాయి కళ్ళు నిండాయి. చిన్న మాస్టరు ఆమె వీపు మీద చెయ్యి వేసి, "ఏడుపు తర్వాత. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు తమ్ముడూ," అంది.

చెయ్యాల్సింది సులువే. చచ్చిపోయిన డిస్కును పక్కన పెట్టేయడం, మూలుగుతున్న దానికి ఎదురుగా కొత్తది పెట్టడం, వీడియోలు ఒక్కోటే దాని మీదకు లాక్కోవడం. "అయితే ఇది ఎంతసేపు తిరుగుతుందో చెప్పలేను. గంట కావచ్చు, రెండు రోజులు కావచ్చు. అన్నీ వస్తాయన్న ఆశ పెట్టుకోకండి. ముందు ఏవి కావాలో వరస రాసివ్వండి."

చిన్న మాస్టరు నంబర్ల పుస్తకం తెరిచి, ఒక చీటీ తీసుకుని, స్టూలు మీద కూర్చుంది. ఆరువందల పన్నెండులో ఏది ముందు? మొదట కడుపు నింపేవి రాసింది. మామూలు చొక్కాలు, ప్యాంట్లు, యూనిఫారాలు. తర్వాత కోట్లు. అరుదుగా వచ్చే ఒళ్ళు అన్నీ చివరికి నెట్టింది. గూని వీపుకు కోసిన కోటు, చక్రాల కుర్చీలో కూర్చునే ఆవిడకు కోసిన ప్యాంటు, ఒక చెయ్యి పొట్టిగా ఉన్న అబ్బాయికి చొక్కా. అలాంటివాళ్ళు ఏడాదికి ఒకరొస్తే ఎక్కువ. రాస్తూ రాస్తూ తలెత్తింది.

"నీకేవి కావాలో నువ్వూ చెప్పవే."

"నాకేం వద్దు పిన్నీ. పనికొచ్చేవి ముందు తియ్యి." అంటూనే ఆ అమ్మాయి వేలు పుస్తకంలో ఒక వరస మీద ఆగింది. ఇరవయ్యేడు.

"ఇరవయ్యేడా? కాలరు పాఠం కదా. కాలరువి అంతకన్నా మంచివి పది ఉన్నాయి."

"ఉన్నాయి," అంది అక్క కూతురు. "అందులో అమ్మ ఫోను నడుస్తోందో లేదోనని పైకి చూస్తుంది. 'ఇది తిరుగుతోందా, నన్ను వెక్కిరిస్తోందా' అని. మొహం కనబడేది అదొక్కదానిలోనే."

చిన్న మాస్టరు తను రాసిన చీటీ వైపు చూసింది. ముప్ఫై వరసలు. తన పని, తన భయం, తన దుకాణం. ఇదే వీడియోల్లో ఈ పిల్ల అమ్మ ఉందన్న సంగతి ఎనిమిది నెలలూ, ఆ పైన ఐదు నెలలూ తనకు తట్టనే లేదు. చీటీ వెనక్కి తిప్పింది. ఖాళీ వైపు, అన్నిటికన్నా పైన, ఇరవయ్యేడు వేసి షాపు ఆయనకు ఇచ్చింది.

"ముందు ఇది. తర్వాత అటువైపున్న వరస."

డిస్కు తిరిగింది. టిక్కుమంది, ఆగింది, మళ్ళీ తిరిగింది. తెర మీద పచ్చగీత చీమ నడిచినట్టు నడిచి చివరికి చేరింది. వచ్చింది. షాపు ఆయన తెరిచి చూపించాడు. బల్ల, చేతులు, కాలరు గుడ్డ. అంతలో ఆ చేతులు ఆగి, నెరిసిన తల వెనక్కి వాలి, గుండ్రటి మొహం ఒకటి నేరుగా వాళ్ళ ముగ్గురి కళ్ళలోకి చూసింది. నుదుటి మీదకు నెట్టుకున్న కళ్ళజోడు, పెదవుల మధ్య గుండుసూది. సూది తీసి ఆ మాట అంది. అక్క కూతురు ఏడుస్తూనే నవ్వింది. షాపు ఆయన మొహం పక్కకు తిప్పుకుని, అక్కర్లేని స్క్రూ ఒకటి బిగించడం మొదలుపెట్టాడు.

ఆ పగలూ, మరుసటి పగలూ చిన్న మాస్టరు ఆ స్టూలు మీదే కూర్చుంది. ఒక్కోటి వచ్చినప్పుడల్లా చీటీలో గీత పెట్టింది. రెండోరోజు మధ్యాహ్నానికి డిస్కు పూర్తిగా మూగబోయింది. ఐదువందల డెబ్బై ఒకటి వచ్చాయి. నలభై ఒకటి పోయాయి.

పోయినవి ఏవో చూసుకుంటే అన్నీ చీటీ చివరివే. గూని వీపు, చక్రాల కుర్చీ, పొట్టి చెయ్యి. రోజూ వచ్చే ఒళ్ళన్నీ దక్కాయి. అక్క బుర్ర బద్దలు కొట్టుకుని, గుడ్డ ముందు గంటలకొద్దీ కూర్చుని, ఎవరికీ చేతకానివి కోసిందే, అవి పోయాయి.

"నేనే వాటిని చివర్న పెట్టాను," అంది చిన్న మాస్టరు.

"పిన్నీ, ఐదువందల డెబ్బై ఒకటి వచ్చాయి. అది చూడు," అంది అక్క కూతురు.

ఈసారి రెండు డిస్కులూ రెండు కంపెనీలవి కొన్నారు, అవీ రెండు షాపుల్లో. పెట్టెలో వాటిని పక్కపక్కన చూసి, ఒకటి నలుపు, ఒకటి ఊదా, చిన్న మాస్టరు పళ్ళు బిగబట్టుకుంది గానీ కిక్కురుమనలేదు. మూడో కాపీ ఒకటి విడి డిస్కులో రాసి, అక్క కూతురు తన ల్యాబులోని అరలో పెట్టి తాళం వేసుకుంది. దుకాణం తలుపు మాత్రం మళ్ళీ ఒక రెక్కే తెరుచుకుంటోంది.

పక్షం తిరక్కుండానే, ఉద్యోగం నుంచి దిగిపోయిన పోస్టుమాన్ ఒకాయన కోటు గుడ్డ చంకలో పెట్టుకుని వచ్చాడు. మనవరాలు పెద్ద చదువు పూర్తిచేసిందట, పట్టా ఇచ్చే సభకు ఈయన కోటు వేసుకునే రావాలని పట్టుబట్టిందట. "రెడీమేడ్ కోట్లు ఏడు తొడిగి చూశానమ్మా. ప్రతిదీ నన్ను చూసి నవ్వింది," అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు సంచి మోసిన కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగిపోయి ఉంది.

చిన్న మాస్టరు పుస్తకం తెరిచింది. ఒక భుజం దిగినవాళ్ళకు కోటు, మూడువందల పద్దెనిమిది. దాని పక్కన అక్క కూతురు ఎర్ర సిరాతో పెట్టిన గుర్తు ఉంది. పోయిన వాటిలో ఒకటి.

"రెండు వారాలు ఆగి రండి," అనబోయింది. నోటి దాకా వచ్చింది. అంతలో ఆయన, కొలతల కోసమేమో అనుకుని, పాత అలవాటు కొద్దీ కుడి భుజం ముందుకు వంచి నిలబడ్డాడు. ఆ భుజం చూస్తుంటే ఆవిడకు అక్క కోత గుర్తు రాలేదు. ముక్కలు గుర్తొచ్చాయి. మిషను దగ్గరకు వచ్చిన ముక్కలు. ఒకవైపు వీపు ముక్క చంక దగ్గర కిందికి దిగి ఉండేది. ఆ వైపు భుజం గీత ఏటవాలుగా ఉండేది. "ఈ చెయ్యి ఆ చెయ్యి కలిపెయ్యకే, గుర్తు పెట్టాను చూడు," అని అక్క అక్కడ దారం ముడి వేసేది. ఆ ముడి తను విప్పేది. అక్క ఎలా కోసిందో తను ఏనాడూ తిన్నగా చూడలేదు, అప్పుడు తన కళ్ళు సూది మీద ఉండేవి. కానీ కోసింది ప్రతిదీ చివరికి తన వేళ్ళలోంచే వెళ్ళింది, ముప్ఫై ఒక్క ఏళ్ళు.

"కూర్చోండి," అంది పోస్టుమాన్‌తో. తర్వాత లోపలికి కేక వేసింది. "అమ్మడూ, ఆ ఫోను తీసుకురా. కొక్కేనికి కట్టు."

అక్క కూతురు స్టూలెక్కి ఫోను కట్టి, మీట నొక్కి దిగింది. చిన్న మాస్టరు గుడ్డ పరిచింది, సుద్ద పట్టుకుంది.

"ఏం చెప్పనే?"

"అమ్మ చెప్పినట్టే చెప్పు."

"అది మీ అమ్మ చెప్పింది. నాకు ఆ వైపు నుంచి తెలియదు. నాకు తెలిసింది కుట్టేవైపు." ఆవిడ గొంతు సవరించుకుంది. "సరే. వినండి. ఈయన కుడి భుజం కిందికి ఉంది. అది లోపం కాదు, ఉద్యోగం. కోటు కుట్టేటప్పుడు రెండో భుజాన్ని దించి సరిచేయొద్దు, దీన్ని లేపొద్దు..."

"లేపితే బాగుంటుందేమో కదమ్మా," అన్నాడు పోస్టుమాన్.

"మీరు మాట్లాడకండి, తిరుగుతోంది."

గీతలు గీసింది. కత్తెర వేసింది. మొదటి కోతకు కత్తెర తడబడింది. రెండోదానికి తడబడలేదు. మూడోది ఒక పిసరు ఎక్కువే పడింది. ఆవిడ నాలుక కరుచుకుంది. అక్క కూతురు ఆపేద్దామా అన్నట్టు ఫోను వైపు చెయ్యి చాపింది.

"ఉండనీ. ఎక్కువ కోశాను, చూశారుగా. ఇప్పుడు ఈ లోపం ఎలా మూస్తానో కూడా చూడండి. ఇదైతే నాకు మహా బాగా వచ్చు."

నాలుగో రోజు పోస్టుమాన్ వచ్చి కోటు తొడుక్కున్నాడు. అద్దం ముందు నిలబడి, ఉత్తరం అందిస్తున్నట్టు కుడిచెయ్యి ముందుకు చాపాడు. తర్వాత ఎడమచెయ్యి. కోటు అంచు ఎక్కడిదక్కడే ఉంది. మళ్ళీ చాపాడు. మళ్ళీ. ఇల్లిల్లూ తిరుగుతున్నట్టు.

ఆయన వెళ్ళాక అక్క కూతురు వీడియోకు చీటీ వేయబోతూ అడిగింది. "మూడువందల పద్దెనిమిది ఖాళీగానే ఉంది పిన్నీ. దీన్ని అక్కడ పెట్టేయనా?"

"వద్దు. అది మీ అమ్మది, అలాగే ఉండనీ. దీనికి ఆరువందల పదమూడు వెయ్యి."

వేసింది. చిన్న మాస్టరు పుస్తకంలో ఎర్ర గుర్తులున్న వరసలన్నీ వేలితో ఒక్కోటే దాటుకుంటూ వచ్చింది. గూని వీపు, చక్రాల కుర్చీ, పొట్టి చెయ్యి. పుస్తకం మూయకుండా బల్ల మీదే పెట్టి, వీధి తలుపు రెండో రెక్క కూడా బార్లా తెరిచింది.

"ఇంకా నలభై రకాల మనుషులు రావాలి," అంది. "రానీ."